మోటారు గదిలో పిండి

మా బావ లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో లిఫ్టుల్లో సగం ఆయన చెయ్యి పడటం వల్ల పైకి వెళ్తున్నాయి, మిగతా సగం ఆయన చెయ్యి పడక కిందే ఉండిపోయాయి. ఇది నా లెక్క. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడికి శాశ్వతంగా సెలవిచ్చినవాణ్ని కాబట్టి నా లెక్కలు కాస్త పొంగుతాయి. చదువుకున్నవాళ్లు మీకు తోచినంత తగ్గించుకోండి.

కానీ ఆయన చెవి విషయంలో మాత్రం అణా కూడా తగ్గించడానికి వీల్లేదు. ఆయన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఉంది. దాని మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుంటాడు. పక్కన నిలబడ్డవాళ్లని ఊపిరి కూడా తీసుకోనివ్వడు. కాసేపటికి కళ్లు తెరిచి, "ఎడమ పక్క బేరింగు పోతోంది. మూడు వారాలు" అంటాడు. మూడు వారాలకి అది పోతుంది. ఒకసారి ఏడో అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టు తలుపు మీద చెవి పెట్టి, "లోపల ముగ్గురున్నారు. ఒకాయనకి ఇంటికెళ్లడం ఇష్టం లేదు" అన్నాడు. తలుపు తీస్తే ముగ్గురే ఉన్నారు. ఇద్దరు దిగారు. మూడో ఆయన మళ్లీ కిందికి మీట నొక్కాడు. నేను పక్కనే ఉన్నాను, నమ్మకపోతే మీ ఖర్మ.

అంతటి మనిషికి ఈమధ్య వంట పట్టుకుంది. అది ఆయన్ని పట్టుకుని అక్కడితో ఆగి ఉంటే నేనీ కాగితాలు ఖరాబు చేసేవాణ్ని కాదు. ఆయన్ని పట్టుకుని, ఆయన చేత నన్ను పట్టించింది.

నేను గోడలకి రంగులు వేస్తాను. రెండు నెలలు ఉందామని అక్కా బావల ఇంటికి వచ్చి ఆరేళ్లయింది. ఐదో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ముందు గదిలో నా పరుపు, లోపల గదిలో అక్కా బావా, కిటికీ దగ్గర బల్ల మీద వాళ్ల అమ్మాయి పుస్తకాలు. ఆ పిల్లకి పదిహేనేళ్లు. ఎవరి తప్పు ఎంతో అడక్కుండానే తేల్చి చెప్తుంది కాబట్టి మేం జడ్జిగారంటాం. ఇంతమందికీ కలిపి ఒకటే వంటగది. అందులో ఇద్దరు నిలబడితే మూడోవాడు తలుపు చాటున నిలబడి గిన్నెలు తోమాలి. ఆ మూడోవాణ్ని నేనే.

అసలు ఆ వంటగది మా అక్కది. అక్క ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటరులో పనిచేస్తుంది. ఉద్యోగం అదే గానీ ఆవిడ అసలు వృత్తి వంకలు పెట్టడం. ఎవరు వండినా వంక పెట్టేది, తను వండినా వంక పెట్టేది. ఇక ముక్కు సంగతి వినండి. కింద లిఫ్టు ఎక్కుతూనే పసిగట్టి, ఇంట్లోకి అడుగు పెట్టకముందే, "ఆ బంగాళాదుంపలు అడుగంటుతున్నాయి, మంట తగ్గించండిరా" అని అరిచేది. అప్పటికి మాకింకా ఏ వాసనా తగిలేది కాదు. మూత తీసి చూస్తే అప్పుడే మొదలై ఉండేది మాడటం. మూడో అంతస్తులో మామ్మగారు సూపులో మిరియాలు ఎక్కువ వేస్తే, మా ఇంట్లోంచి మా అక్క తుమ్మేది. అలాంటి అక్క ఎప్పుడైనా "పర్లేదు" అందంటే, మా బావ మూడు రోజులు ఈల వేసుకుంటూ పనికెళ్లేవాడు.

పోయిన చలికాలం మొదట్లో అక్కకి జ్వరం వచ్చింది. జ్వరం వారంలో పోయింది. పోతూ పోతూ ముక్కు పట్టుకుపోయింది. వాసన అన్నది లేదు. ఉల్లిపాయ కోసి ముక్కు కింద పెట్టినా కళ్లు నీళ్లు కారాయి గానీ అది ఉల్లిపాయో ఉతికిన రుమాలో తెలియలేదు. డాక్టరు చూసి, "తిరిగి రావచ్చు, నెలలు పట్టచ్చు, చెప్పలేం. తిండి మాత్రం తగ్గించకండమ్మా" అన్నాడు. తిండి తగ్గించకూడదని అక్కకీ తెలుసు. కానీ కౌంటరులో చీటీల మీద ముద్ర గుద్దినట్టు తినేది. నాలుగు ముద్దలు, నాలుగు ముద్రలు, అయిపోయింది, లేచిపోయేది. చేతి గడియారం జారి మోచేతి దగ్గరికి వచ్చింది. వండటం మానేసింది. "రుచి చూడలేనిదాన్ని ఏం వండను?" అని ఒక్కసారే అంది. ఆ తర్వాత వంటగది గడప తొక్కలేదు.

వీటన్నిటికంటే ఘోరం ఇంకోటి ఉంది. ఏది పెట్టినా "బావుంది" అనేది.

ఒకరోజు నేను మిగిలిపోయిన అన్నంలో పొరపాటున నీళ్లకి బదులు చల్లారిన టీ పోసి పెట్టాను. "బావుంది" అంది అక్క.

బావ నన్ను మెట్ల దగ్గరికి లాక్కెళ్లాడు. "మీ అక్క నన్ను తిట్టి డెబ్బై రోజులైందిరా బామ్మర్దీ" అన్నాడు. గొంతులో అదేదో మోటారు ఆగిపోయే ముందు వచ్చే శబ్దం.

"అదృష్టవంతుడివి బావా."

"ఏడిశావ్. మోటారు కుయ్యో మొర్రో అంటే బాగుచెయ్యచ్చు. శబ్దమే చెయ్యకపోతే ఎక్కడని వెతుకుతాం? ఒక్కసారి, ఒక్క వంక పెడితే చాలు, దాన్ని పట్టుకుని నేను లోపలికి వెళ్తా."

అలా మొదలైంది. బయటి నుంచి ఏం తెచ్చినా అక్క రెండు ముద్దలు తిని మూత పెట్టేస్తోందని, అదే ఇంట్లో చేస్తే చేసినవాడి మొహం చూసైనా ఇంకో నాలుగు తింటుందని బావ సిద్ధాంతం. కాబట్టి అంతా ఇంట్లోనే, అంతా మొదటి నుంచి. మొదటి నుంచి అంటే మా బావకి అర్థం వేరు. సూపు చెయ్యాలంటే మనమైతే కూరగాయలు కొని కోస్తాం కదా? ఆయన కత్తి పదును నుంచి మొదలుపెట్టాడు. సానరాయి తెచ్చి గంటసేపు కత్తి నూరాడు. వెన్న కావాలంటే అంగడికి పొమ్మన్నాను. మీగడ సీసాలో పోసి నా చేతికిచ్చి, "ఊపు" అన్నాడు. నలభై నిమిషాలు ఊపాను. ఆ వారం రంగు బ్రష్షు పట్టుకుంటే నా చెయ్యి దానంతటదే ఊగుతోంది, ఒక పెద్దమనిషి ఇంటి గోడ మీద నేను వేసిన అలలు చూసి డిజైను అనుకుని పక్కింటివాళ్లు కూడా అలాగే వెయ్యమన్నారు.

వంటకి ముందు బావ చేతులు కడిగే పద్ధతి చూస్తే పెళ్లికూతురి అలంకరణకి కూడా అంతసేపు పట్టదనిపిస్తుంది. లిఫ్టు గ్రీజు గోళ్ల సందుల్లో దూరితే ఒక పట్టాన పోదు. పాత పళ్ల బ్రష్షుతో ఒక్కో గోరూ తోమి, నిమ్మచెక్కతో రుద్ది, వెలుతురులో పెట్టి చూసుకుని, మళ్లీ తోమేవాడు. ఆ తర్వాత గోడకి ఓ కాగితం అతికించేవాడు. లిఫ్టు సర్వీసు చేసేటప్పుడు రాసుకునే పట్టీ ఉంటుంది చూడండి, తాళ్లు చూశాను, బ్రేకు చూశాను, నూనె వేశాను అని టిక్కులు పెట్టేది, అలాంటిదే. ఉల్లిపాయలు తరిగాను, టిక్కు. నూనె కాగింది, టిక్కు. కాగిందో లేదో ఎలా తెలిసింది? స్క్రూడ్రైవరు మొన గిన్నె అంచుకి, పిడి చెవికి. "ఇప్పుడు వెయ్యి ఉల్లిపాయ" అనేవాడు కళ్లు మూసుకుని. నేను వేసేవాణ్ని. మధ్యాహ్నం భోజనం సాయంత్రం నాలుగుకి వచ్చేది. ఆకలికి నా కడుపు చేసే శబ్దం కూడా విని, "నీకింకా అరగంట ఆగే ఓపికుంది" అని చెప్పేవాడు మహానుభావుడు.

విసుగు పుట్టి చచ్చేవాణ్ని. నిజంగా. ఒక సూపుకి పదకొండు గిన్నెలు! కానీ ఒక మాట ఒప్పుకోవాలి. పొయ్యి ముందు నిలబడ్డప్పుడు ఆ మొహం చూడాలి. ఇరవై ఏళ్లుగా ఎవరెవరో ఎక్కి దిగే యంత్రాలు బాగుచేసిన మనిషి, వాళ్లలో ఒక్కరి మొహమూ చూడడు, వాళ్లూ ఈయన్ని చూడరు. ఇప్పుడు గరిటె తిప్పుతూ, ఎవరి కంచంలో ఎంత పడాలో మనసులో కొలుచుకుంటూ, తనలో తనే నవ్వుకునేవాడు. కారెట్టు ముక్కలన్నీ ఒకే సైజులో కోసి, జడ్జిగారిని పిలిచి చూపించేవాడు. "బావున్నాయి నాన్నా, ఫ్రేము కట్టించు" అనేది ఆ పిల్ల. అయినా మురిసిపోయేవాడు.

మొదట్లో ఆయన వేసిన ఎత్తు మోటు ఎత్తు. రుచి తెలియట్లేదు కాబట్టి రుచి పెంచాలి! కారం రెట్టింపు, మిరియాలు మూడింతలు, వెల్లుల్లి లెక్కలేదు. ఆ రోజు బల్ల చుట్టూ కూర్చున్నాం. మొదటి చెంచాకి నాకు మా తాతగారు కనిపించారు. రెండో చెంచాకి ఆయన నన్ను రమ్మని పిలిచారు. జడ్జిగారు లేచి కుళాయి కింద నోరు పెట్టింది. బావ ముక్కూ కళ్లూ ఏకమై ధారగా కారుతున్నాయి, కానీ చూపు మాత్రం అక్క మొహం మీంచి తియ్యడం లేదు. అక్క ప్రశాంతంగా చెంచా చెంచా తాగి, నుదుటి మీద చెమట తుడుచుకుని, "బావుందండీ" అంది.

బావ చెంచా కింద పెట్టేశాడు.

కుళాయి దగ్గర్నుంచే జడ్జిగారు తీర్పు చెప్పింది. "నాన్నా, అమ్మకి పోయింది ముక్కు. నాలుకుంది, పళ్లున్నాయి, చెవులున్నాయి. ఉన్నవాటికి పెట్టు. లేనిదానికి పెడితే మేం పోతాం."

"ఓర్నీ!" అన్నాడు బావ. "ఒక వైరు తెగితే మిగతా వైర్లు చూడాలి గదా. లిఫ్టు దగ్గర రోజూ చేసే పనే, ఇంట్లో తట్టలేదేంట్రా బామ్మర్దీ?"

ఆ మర్నాటి నుంచి ఆయన అక్క నమిలే శబ్దం వినడం మొదలుపెట్టాడు. ఒకరోజు దోసకాయ ముక్కలు, ఒకరోజు వేయించిన పల్లీలు, ఒకరోజు ఎండు రొట్టె. అక్క తింటుంటే పక్కనే కుర్చీ జరుపుకుని చెవి ఇటు పెట్టేవాడు.

"ఏంటండీ మీదమీదకొస్తారు?"

"ఏం లేదు, నువ్వు తిను."

"నా దవడ ఏమన్నా లిఫ్టా?"

"కాదు కాదు. నువ్వు తిను."

వారం రోజులు విని, నన్ను మళ్లీ మెట్ల దగ్గరికి లాక్కెళ్లి రహస్యం చెప్పాడు. మెత్తటివి నాలుగు నమలడాల్లో మింగేస్తోందట. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉన్నదైతే పన్నెండు దాకా నములుతోందట. "పైపెంకు కరకరలాడే రొట్టె చెయ్యాలి. కొన్నది కాదు, పొయ్యిలోంచి అప్పుడే తీసింది. విరిస్తే చప్పుడు రావాలి, చేతికి వేడి తెలియాలి. అదిరా సంగతి."

అక్క రొట్టెలు కాల్చే ఓవెను జ్వరానికి ముందే తుప్పుపట్టి పోయింది కాబట్టి, పాత సామాన్ల అంగడిలో మూలపడ్డ ఇంకో ఓవెను తెచ్చి తీగలు మార్చి బాగుచేశాడు. అంతవరకు ఆయన రాజ్యం. పిండి దగ్గరికి వచ్చేసరికి రాజ్యం పోయింది. మొదటి రొట్టె పొంగలేదు. దాన్ని మూడో అంతస్తు మామ్మగారు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటానని అడిగి మరీ పట్టుకెళ్లారు, ఈ రోజుకీ అరగలేదు. రెండోది కోస్తుంటే కత్తి వంగింది. మూడోదాని మీద నేను నిలబడి పైకప్పుకి సున్నం వేశాను. మూడింటినీ అక్క ముక్క చొప్పున నోట్లో వేసుకుని, చప్పరించి చప్పరించి, "బావుంది" అంది.

"చలి" అన్నాడు బావ. "వంటగదిలో చలికి పిండి లేవడం లేదు. రాత్రీ పగలూ ఒకే వేడి ఉండే చోటు కావాలి."

ఆయన చూపు మెల్లగా పైకి, కప్పు వైపు వెళ్లింది. మా ఇంటి పైన డాబా. డాబా మీద లిఫ్టు మోటారు గది. దాని తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

ఆదివారం అక్కకి మూడింటిదాకా డ్యూటీ. పొద్దున్నే పిండి కలిపి, పిసికి, పెద్ద గిన్నెలో పెట్టి, గిన్నెకి చుట్టూ దుప్పటి లాంటిదేదో చుట్టి, ఇద్దరం డాబా మీదికి మోసుకెళ్లాం. మోటారు పక్కన చిన్న అరుగు ఉంది, వెచ్చగా ఉంది. గిన్నె అక్కడ పెట్టాం. బావ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అరగంట గడిచింది. అరుగు చల్లబడింది.

"ఆదివారం కదా, ఎవరూ లిఫ్టు ఎక్కట్లేదు" అన్నాడు. "మోటారు తిరిగితేనే వేడి. నువ్వెళ్లి ఎక్కు."

"ఎక్కి ఎక్కడికెళ్లాలి?"

"ఎక్కడికీ వద్దు. పైకీ కిందికీ తిరుగుతూ ఉండు."

నేను చాలా పనులు చేశాను. పన్నెండో అంతస్తు బయట తాడుకి వేలాడుతూ రంగులేశాను, తేనెటీగలు ముసిరినా బ్రష్షు వదల్లేదు. కానీ పిండి పొంగడానికి లిఫ్టులో తిరిగిన మనిషి భూమ్మీద నేనొక్కణ్నే అయి ఉంటాను. పది రౌండ్లు తిరిగాను. మధ్యలో రెండో అంతస్తువాళ్లు కూరగాయల సంచీతో ఎక్కి తలుపు పట్టుకుని కబుర్లు చెప్పారు. నాలుగో అంతస్తువాళ్లు సైకిలు ఎక్కించారు. పైనుంచి బావ దిగొచ్చాడు, మొహం చిట్లించుకుని.

"ఇలా ఆగి ఆగి నడిస్తే వేడి నిలకడగా రాదురా."

"అయితే?"

ఆయన సంచీలోంచి బోర్డు తీశాడు. 'మరమ్మతు జరుగుచున్నది. మెట్లు వాడవలెను.' దాన్ని కింది తలుపుకి తగిలించి వెళ్లిపోయాడు. తగిలించింది సాక్షాత్తూ మెకానిక్కు, ఇంకెవరు అనుమానిస్తారు?

మా లిఫ్టు తలుపులకి జానెడు గాజు పలకలుంటాయి. లోపలివాడు బయటికి, బయటివాడు లోపలికి కనిపిస్తాడు. నాలుగో రౌండులో మూడో అంతస్తు గాజులో మామ్మగారి కళ్లజోడు కనిపించింది.

"నాయనా, లిఫ్టు పాడైం..." నేను పైకెళ్లిపోయాను.

కిందికి వచ్చేటప్పుడు, "...మరి నువ్వెందుకు అందులో..." నేను దిగిపోయాను.

మళ్లీ పైకెళ్తుంటే, "...పోనీ ఇరుక్కుపోయావా ఏంటి, ఎవరినైనా..."

మళ్లీ కిందికి. "టెస్టింగు మామ్మగారూ!" అని అరిచాను. ఆవిడకి ఎంత వినపడిందో గానీ తరువాతి రౌండుకి కుర్చీ తెచ్చుకుని గాజు ముందు కూర్చున్నారు. ఆవిడ ఇంట్లో టీవీ పాడై నెలైంది.

అలా తిరిగీ తిరిగీ నాకు కళ్లు మూతలు పడుతున్న వేళ, కింది అంతస్తు గాజులో మా అక్క మొహం కనపడింది. బోర్డు చదువుతోంది. చదివి, గాజులోంచి నన్ను చూసింది. లిఫ్టు నన్ను పైకి తీసుకుపోయింది.

ఆపాలా వద్దా? ఆపితే కారణం చెప్పాలి. ఆపకపోతే, జ్వరం పడి సగమైన మనిషి ఐదంతస్తులు ఎక్కుతుంది. నేను మూర్ఖుణ్నే గానీ అంత మూర్ఖుణ్ని కాదు. రెండో అంతస్తులో ఆపి తలుపు తీశాను. అక్క అప్పుడే అక్కడికి చేరింది, రెయిలింగు పట్టుకుని రొప్పుతోంది.

"రా అక్కా, ఎక్కు."

"మరమ్మతు జరుగుచున్నది" అంది అక్క, బోర్డు మీది మాట అక్షరం పొల్లుపోకుండా. "నేనెక్కను. పడి చస్తే?"

"అబ్బే, లిఫ్టుకేం కాలేదు..."

"ఏం కాలేదా? మరి బోర్డెందుకు?"

అక్క మెట్లెక్కింది. నేనూ వెనకాలే నడిచాను. మూడో అంతస్తులో మామ్మగారు కుర్చీలోంచి లేచి, "నీ తమ్ముడు పొద్దుట్నుంచీ అందులోనే ఉన్నాడమ్మా. తలకాయకేమైనా తగిలిందా?" అని అడిగారు. "పుట్టినప్పుడే తగిలింది మామ్మగారూ" అంది అక్క ఆగకుండా. మూడు నెలల్లో అక్క నోట్లోంచి ఇంత పదునుగా వచ్చిన మొదటి వేళాకోళం అది. నా మీదైతేనేం, చెవులకి ఇంపుగానే ఉంది.

ఐదో అంతస్తులో ఇంట్లోకి తొంగిచూసింది. జడ్జిగారు పుస్తకంలోంచి తలెత్తకుండా వేలు పైకి చూపించింది. అక్క డాబా ఎక్కింది. మోటారు గది తలుపు బార్లా తీసి ఉంది. మోటారు ఆగిపోయిందేంటా అని బావ స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుని వింటున్నాడు. పక్కన అరుగు మీద, అక్క చలికాలం శాలువా చుట్టుకుని, పెద్ద గిన్నె. గిన్నె అంచు దాటి తెల్లగా, గుండ్రంగా, పిండి.

అక్క పూర్తిగా ఒక నిమిషం చూసింది.

"నా శాలువా" అంది.

బావ కళ్లు తెరిచాడు.

"నా శాలువా పిండికి చుట్టారా? బుద్ధుందా మీకు? ఆ బోర్డేంటి? వయసైన మనుషులున్న ఇంట్లో లిఫ్టుకి బోర్డు తగిలిస్తారా? రెండో అంతస్తులో నా ఊపిరి ఆగిపోయిందనుకున్నా! తినేదాన్ని ఇక్కడా పెట్టేది? ఆ గ్రీజు చూడండి, ఆ దుమ్ము చూడండి! మూత లేదు, తడిగుడ్డ లేదు, పైన ఎండి పెచ్చు కట్టింది. ఎవరు చెప్పారు మీకు ఇలా చెయ్యమని? ఇరవై ఏళ్లు నేను చేస్తుంటే ఒక్కరోజు చూశారా? పక్కన కూర్చుని పేపరు చదువుకున్నారు!"

బావ లేచి నిలబడ్డాడు. తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరికెళ్లాను. నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు.

"నవ్వుతారేంటండీ?"

"లేదు లేదు, నువ్వు కానీ."

"కానియ్యడమేంటి నా మొహం! ఎప్పుడు పెట్టారిది?"

"పదకొండింటికి."

"పదకొండా!" అక్క వంగి, పిండిలో చూపుడువేలు గుచ్చింది. గుంట పడింది. చూసింది. గుంట మెల్లగా సగం పూడి ఆగింది. అక్క ఆ వేలు అక్కడే ఉంచింది కాసేపు. మెత్తగా, వెచ్చగా ఉంది కాబోలు. మూడు నెలలుగా ఆ చెయ్యి పిండి ముట్టుకోలేదు. "ఇంకో పావుగంట ఉంటే పుల్లబడి చచ్చేది" అంది గొంతు తగ్గించి. "తీయండి. ఒరేయ్, నువ్వు గిన్నె పట్టుకో. లిఫ్టులో కాదు, మెట్ల మీద."

వంటగదిలో అక్క ముందుంది, బావ వెనక. నేను షరా మామూలుగా తలుపు చాటున. "ఓవెను ముందే వేడెక్కించారా? లేదా? ఇంకేం తెలుసు మీకు?" అంటూ పిండిని బల్ల మీదికి దొర్లించి, మడిచి, తిప్పి, అంచులు కిందికి తోసింది. అవన్నీ ముక్కుతో పనిలేని పనులు. ఆ సంగతి అక్కకి అప్పటిదాకా గుర్తు రాలేదు, మాకెవరికీ గుర్తు చెయ్యాలని తోచలేదు, ఇంతమందిమి ఉండి. బావ ఆవిడ చేతులనే చూస్తూ గోడ మీది కాగితానికి కొత్త గీతలు గీసుకుంటున్నాడు.

ముప్పావుగంటకి రొట్టె బయటికి వచ్చింది. నల్లగా కాదు, మట్టిరంగులో, పైన పగుళ్లతో. బల్ల మీద పెట్టగానే దానంతటదే చిటపటమని మొదలుపెట్టింది. చల్లగాలి తగిలి పైపెంకు పగులుతున్న శబ్దం. బావ స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపాడు గానీ అవసరం లేకపోయింది, గది నిండా వినిపిస్తోంది. అక్క తల పక్కకి వాల్చి విన్నది. నేను కూడా చెవి అటే పెట్టాను, అంటే మీరే అర్థం చేసుకోండి.

"చల్లారనివ్వాలి" అంది అక్క. అని, తనే ఆగలేక రెండు చేతులతో విరిచింది. పెద్ద చప్పుడు. ఆవిరి మొహానికి కొట్టింది. అలవాటుగా ముక్కుతో గట్టిగా పీల్చింది, పీల్చి ఒక్క క్షణం కళ్లు దించుకుంది. ఏమీ రాలేదు. బావ అది చూశాడు, ఆయన నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. అక్క ముక్క నోట్లో పెట్టుకుంది. కరకరా నమిలింది. బావ పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పద్నాలుగు.

మింగి, అక్క మొహం చిట్లించింది.

"ఉప్పేదండీ?"

"ఆఁ?"

"ఉప్పు! వాసన తెలియదు గానీ ఉప్పు తెలియదనుకున్నారా? నాలుకుందిగా! ఒక్క రవ్వ కూడా లేదు. కాగితం నమిలినట్టుంది."

బావ గోడ దగ్గరికి పరిగెత్తాడు. కాగితం మీద 'ఉప్పు' ఎదురుగా టిక్కు ఉంది. ఆ టిక్కు పెట్టింది నేను. ఉప్పు వెయ్యమంది నన్నే. టిక్కు పెట్టడం గుర్తుంది గానీ వెయ్యడం గుర్తు లేదు. ఈ ముక్క ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి. ఎందుకంటే బావ మాత్రం ఆ నేరం తన మీదే వేసుకుని, ప్రపంచంలో ఇంత గొప్ప తప్పు ఇంకెవరూ చెయ్యలేదన్నట్టు వెలిగిపోతున్నాడు.

"ఉప్పు లేదట!" అన్నాడు కూతురితో. "విన్నావా? కాగితం నమిలినట్టుందట!"

"విన్నాను నాన్నా. కంగ్రాచ్యులేషన్స్" అంది జడ్జిగారు. ఆ పిల్ల కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పుస్తకం అడ్డం పెట్టుకుని, ఎవరూ చూడలేదనుకుంది.

"నిలబడి చూస్తారేం? వెన్న తీసుకురండి, దాని మీద ఉప్పు చల్లండి. సన్నది కాదు, రాళ్లుప్పు" అంది అక్క. బావ తెచ్చాడు. చల్లాడు. అక్క తిన్నది. ఉప్పు పలుకు పంటి కింద నలిగితే ఆవిడ కనుబొమ్మలు లేచాయి. ఇంకో ముక్క తీసుకుంది. అడుగు మందంగా ఉందంది. పక్కన పగులు సరిగ్గా రాలేదంది. ఓవెనులో కుడివైపు మంట ఎక్కువంది, అది ముక్క తిప్పి చూస్తేనే తెలుస్తోందంది. నమలడానికి దవడ నొప్పెడుతోందంది, నొప్పెడుతోందంటూనే మూడో ముక్క. బావకీ నాకూ ఒక ముక్క అందుకోవాలంటే భయమేసింది. ఈసారి వారంలో ఏ రోజు, ఎంత ఉప్పు, శాలువా బదులు ఏ గుడ్డ, మోటారు గది ఎవరు తుడవాలి, అన్నీ నమిలే మధ్యలో చెప్పింది. తుడవాల్సింది నేనట.

చివర్న కొస మిగిలింది. అన్నిటికంటే గట్టిగా, నల్లబడి, కత్తికి లొంగకుండా. జడ్జిగారు దాని మీద చెయ్యి వేసింది.

"ఆ కొస ఇటివ్వు" అంది అక్క.

"అది నాకిష్టం అమ్మా."

"నాకూ ఇష్టమే. ఇవ్వవే."

"సగం సగం చేస్తా, ఉండండి" అని బావ మధ్యలో దూరి, రెండు చేతులతో విరవబోయాడు. విరగలేదు. మోకాలికి ఆనించి నొక్కాడు. మోటార్లు విప్పిన చేతులు, ఎర్రబడ్డాయి గానీ రొట్టె విరగలేదు.

"మీకు చేతకాదు, ఇలా ఇవ్వండి" అని అక్క లాక్కుని, అంచు పళ్ల మధ్య పెట్టి ఠప్పున కొరికి, మిగిలింది కూతురి చేతిలో పెట్టింది.